సొరకాయకు గడ్డం గీసిన కేసు

పంతొమ్మిది వందల అరవై నాలుగు జూన్‌లో నన్ను జహీరాబాదుకు మున్సిఫ్ మేజిస్ట్రేటుగా బదిలీ చేశారు. ఈ జంట పేరు గల ఉద్యోగానికి అర్థం ఏమిటంటే, ఒకే మనిషి కొన్ని రోజులు సివిల్ దావాలు, కొన్ని రోజులు క్రిమినల్ కేసులు వినాలి. కుర్చీ ఒకటే, టేబులు మీద చట్టం పుస్తకం మారుతుంది. మాది వరంగల్ వైపు. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కాబట్టి అక్కడి వకీళ్లతోనూ, కక్షిదారులతోనూ ఇబ్బంది కలగలేదు. ఇబ్బంది ఆకాశం నుంచి వచ్చింది.

సరిహద్దు అవతల, అప్పటి మైసూరు రాష్ట్రంలో, విమానం నడపడం నేర్పే శిక్షణ కేంద్రం ఒకటి ఉండేది. నేర్చుకునేవాళ్లు సరిహద్దు ఇవతలి ఊరు న్యాల్‌కల్ మీదుగా వచ్చి, మా ఊళ్లో రైలు పట్టాలు చూసుకుని వెనక్కి తిరిగేవారని చెప్పేవారు. ఎత్తున పోతే ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. కానీ అప్పుడప్పుడు ఒకటి బాగా కిందికి దిగి ఇళ్ల కప్పులను రాసుకుపోతున్నట్టు పోయేది. అప్పుడు గోడల మీద క్యాలెండర్లు ఊగేవి, ఉయ్యాలల్లో పిల్లలు గుక్కపట్టేవారు, మా ఇంట్లో పాలగిన్నె రెండుసార్లు నేలపాలైంది. ఈ సంగతి ఎవరికి అర్జీ పెట్టుకోవాలో ఊళ్లో ఎవరికీ తెలియక కొందరు నాకే పెట్టుకున్నారు. నా అధికార పరిధి నేల వరకేనని చెప్పి పంపించాను.

ఆ చలికాలంలో పోలీసులు నర్సింలు అనే ఆయన మీద ఛార్జిషీటు దాఖలు చేశారు. నర్సింలుది బస్టాండు దగ్గర క్షౌరశాల. నలభై ఏళ్ల మనిషి, తండ్రి దగ్గర పని నేర్చుకున్నవాడు. ఫిర్యాది బసప్ప న్యాల్‌కల్ వైపు బెల్లం వ్యాపారి. సంతకు వచ్చినప్పుడల్లా నర్సింలు దగ్గరే గడ్డం గీయించుకునేవాడు. ఒక సంతరోజు ఉదయం బసప్ప మొహానికి సబ్బు పట్టించి, కుడి చెవి పక్కన కత్తి పెట్టిన క్షణంలో విమానం నెత్తిమీదుగా పోయింది. కత్తి జారి చెవి తమ్మె రెండుగా చీలింది. ఆయన పెట్టుకున్న బంగారు పోగు కుర్చీ కింద దొరికింది. బసప్ప భుజం మీది తువ్వాలతో చెవిని అదిమిపట్టి ముందు దవాఖానకు, అక్కడినుంచి ఠాణాకు నడిచి వెళ్లాడు.

శిక్షాస్మృతిలో దీనికి రెండు సెక్షన్లు ఉన్నాయి. నిర్లక్ష్యంతో మామూలు గాయం చేస్తే మూడువందల ముప్ఫై ఏడు, తీవ్రమైన గాయం చేస్తే ముప్ఫై ఎనిమిది. తల మీదగానీ ముఖం మీదగానీ శాశ్వతంగా వికృతి మిగిలితే అది తీవ్రమైన గాయం కింద లెక్క. పోలీసులు పెద్ద సెక్షనే పెట్టారు. చెవి తమ్మె తలలో భాగమా, తల నుంచి వేలాడే వస్తువా అన్నదాని మీద ఒక పూట వాదన నడిచింది. నర్సింలు తరఫు వకీలు హమీద్ సాహెబ్ పాతకాలం మనిషి. షేర్వానీ మీదనే నల్లకోటు తొడిగేవాడు. పోగు లేని మగవాళ్ల చెవులు చూసి ఎవరూ వికృతమనరు కదా అన్నది ఆయన వాదన. నేను నిర్ణయాన్ని తీర్పు వరకూ వాయిదా వేశాను.

ఈ సెక్షన్ల కింద కోర్టు అనుమతిస్తే కక్షిదారులు రాజీపడవచ్చు. మొదటి వాయిదాలోనే నేను ఆ సంగతి ఇద్దరికీ చెప్పాను. బసప్ప ఒప్పుకోలేదు.

"చెవి పోతె పోయింది సాబ్," అన్నాడు. ఆయన తెలుగులో కన్నడం యాస ఉండేది. "రక్తం కారుతుంటే నా మొకం దిక్కు సూడలే. అయ్యో పటేలా అనలే. ఆకాశం దిక్కు సూసి ఇమానాన్ని తిట్టుకుంట నిలవడ్డడు. ఇన్నేండ్లు ఈని చేతికి నా గొంతు అప్పజెప్పిన. గంత మాటకు కూడ కాకపోతినా?"

నర్సింలు కూడా ఒప్పుకోకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. సాధారణంగా ముద్దాయికి రాజీకన్నా తీపి మాట ఉండదు. బోనులో నిలబడి నెమ్మదిగా చెప్పాడు.

"రాజీ వద్దు దొరా. రాజీ అయితే తప్పు జేసిండు గనకనే కాళ్లు పట్టుకున్నడంటరు. నాది తప్పా కాదా మీరే జెప్పున్రి. నాకైతే సమజ్ అయితలేదు."

విచారణ మొదలైంది. సంఘటన జరిగినప్పుడు దుకాణం బల్ల మీద కూర్చుని వంతు కోసం చూస్తున్న ఇద్దరు మనుషులు సాక్ష్యం చెప్పారు. విమానం వచ్చింది, నర్సింలు ఉలిక్కిపడ్డాడు, కత్తి జారింది అన్నారు. అంతకు మించి వాళ్లకు తెలిసింది లేదు. ప్రభుత్వ న్యాయవాది వయసులో నాకన్నా చిన్నవాడు, తెలివైనవాడు. ఆయన వాదన సూటిగా ఉంది. విమానాలు రావడం ఊరందరికీ తెలిసిన సంగతే. విమానం పిడుగు కాదు, దూరం నుంచే మోత వినిపిస్తుంది. వినిపించగానే కత్తి పైకెత్తి, అది దాటిపోయాక మళ్లీ పని మొదలుపెట్టాలి. ముద్దాయి ఎత్తలేదు, కాబట్టి అది నిర్లక్ష్యం. ఇందుకు ఎదురుగా హమీద్ సాహెబ్ ఎనభయ్యో సెక్షన్ చూపాడు. చట్టబద్ధమైన పనిని తగిన జాగ్రత్తతో చేస్తుండగా ప్రమాదం జరిగితే అది నేరం కాదంటుంది ఆ సెక్షన్. కానీ తగిన జాగ్రత్త తీసుకున్నాడని చూపించాలి కదా. అక్కడ ఆయన దగ్గర సరుకు లేదు.

అందుకే ఆయన స్థల పరిశీలన కోరాడు. మేజిస్ట్రేటు స్వయంగా వెళ్లి స్థలం చూసి, చూసినదాన్ని మెమొరాండంగా రాసి ఫైలులో చేర్చవచ్చు. అది సాక్ష్యం కాదు, సాక్ష్యాన్ని అర్థం చేసుకోవడానికి పనికివస్తుంది. నేను సరేనన్నాను. అప్పుడు ప్రభుత్వ న్యాయవాది లేచి, వెళ్తున్నాం కాబట్టి ముద్దాయి విమానం పోతుండగా గడ్డం గీసి చూపించాలని కోరాడు. ఎవరి గడ్డం అని అడిగాను. హమీద్ సాహెబ్ ఎంతో మర్యాదగా, ప్రభుత్వ న్యాయవాదిగారి గడ్డమైతే ప్రభుత్వానికి నమ్మకంగా ఉంటుందని మనవి చేశాడు. కొంత చర్చ జరిగాక ఇరుపక్షాలూ సొరకాయకు అంగీకరించాయి.

నిర్ణయించిన రోజు ఉదయం మేమంతా నర్సింలు దుకాణానికి చేరుకున్నాం. రేకుల కప్పు, ఒక అద్దం, ఒక చెక్క కుర్చీ. కుర్చీ మీద నిలువుగా సొరకాయను పెట్టి, పడిపోకుండా బెంచి గుమాస్తా తువ్వాలతో కట్టాడు. నర్సింలు దానికి పద్ధతి ప్రకారం నీళ్లు తడిపి, సబ్బు పట్టించాడు. బయట సంతకు వచ్చినంత జనం పోగయ్యారు. ఇద్దరు పోలీసులు వాళ్లను సందు చివరి వరకూ నెట్టి, నోరెత్తితే కోర్టు ధిక్కారమని భయపెట్టారు. అంత జనం అంత నిశ్శబ్దంగా ఉండగా నేను ఆ ఊళ్లో మళ్లీ చూడలేదు.

సబ్బు రెండుసార్లు ఆరిపోయింది. రెండుసార్లు మళ్లీ పట్టించారు. చివరికి పడమటి దిక్కు నుంచి సన్నగా మోత వినిపించింది. అందరం విన్నాం. నర్సింలు సొరకాయ మీదినుంచి కత్తి ఎత్తి పక్కకు పట్టుకున్నాడు. విమానం బాగా తక్కువ ఎత్తులోనే పోయింది, రేకులు గడగడలాడాయి. అది దాటిపోయాక అతను మిగిలిన సగం గీశాడు. సొరకాయ మీద గీత కూడా పడలేదు. ప్రభుత్వ న్యాయవాది దాన్ని చేతిలోకి తీసుకుని అన్నివైపులా తిప్పి చూసి, క్షతం లేదని మెమొరాండంలో రాయమన్నాడు. రాశాను. చలికాలపు ఉదయమైనా ముద్దాయి చొక్కా వీపంతా చెమటకు తడిసిందని కూడా రాశాను, కనబడింది కాబట్టి. హమీద్ సాహెబ్ కోరిన పరిశీలనే ఆయన కక్షిదారును ముంచేటట్టు ఉంది.

ఆ తరువాతి వాయిదాకు దవాఖాన డాక్టరు సుగుణమ్మగారు సాక్ష్యానికి వచ్చారు. బసప్ప చెవికి కుట్లు వేసింది ఆమే. గాయం గురించి చెప్పడం అయ్యాక హమీద్ సాహెబ్ క్రాస్ పరీక్షలో వేరే ప్రశ్న అడిగాడు. అకస్మాత్తుగా పెద్ద చప్పుడు వింటే మనిషి శరీరం ఏం చేస్తుంది?

ఆమె పాఠం చెప్పినట్టు చెప్పారు. ముందు కళ్లు మూసుకుంటాయి. మెడ ముందుకు వంగుతుంది. భుజాలు పైకి లేస్తాయి, మోచేతులు ముడుచుకుంటాయి, పిడికిళ్లు బిగుస్తాయి. ఇదంతా మనిషి ఆలోచించడానికి ముందే జరిగిపోతుంది, ఆపుకుందామనుకునే లోపే అయిపోతుంది. గుండె వేగం, చెమట ఆ తరువాత వస్తాయి, అవి తగ్గడానికి కొంతసేపు పడుతుంది. ఆ కాసేపూ చేతి పనిలో కచ్చితత్వం తప్పుతుంది. తెలిసి ఎదురుచూసే చప్పుడైతే ఈ ఉలికిపాటు బాగా తగ్గుతుంది. ఎడతెగకుండా ఉండే మోతకు మనిషి అలవాటుపడి అది ఉందన్న సంగతే మరిచిపోతాడు. కానీ ఎప్పుడు వస్తుందో తెలియని చప్పుడుకు పూర్తిగా అలవాటుపడటం కష్టం.

ఆమె చెబుతున్నది నేను నా చేతితో ఇంగ్లీషులో రాసుకుంటున్నాను. అప్పట్లో వాంగ్మూలాలు మేజిస్ట్రేటే రాయాలి. మా కోర్టు హాలుది కూడా రేకుల కప్పే. బయట రోడ్డుకు తారు వేస్తూ పొద్దున్నుంచీ రోలరు నడుపుతున్నారు. ప్రభుత్వ న్యాయవాది లేచాడు. "అంటే డాక్టరుగారూ, సొరకాయ విషయంలో మనం చూసినట్టు, జాగ్రత్త గల మనిషి విమానం వస్తోందని ముందుగానే..."

ఆ మాట పూర్తి కాలేదు. విమానం హాలు మీదుగా పోయింది.

ఏ హెచ్చరికా లేదు. లేని మోత ఒక్కసారిగా నెత్తిమీద పడింది. నేను కళ్లు తెరిచేటప్పటికి నా కలం పాళీ వాంగ్మూలం మీద సాక్షి పేరు నుంచి మార్జిన్ దాకా ఒక గీత గీసి, కాగితాన్ని చించుకుని, టేబులు గుడ్డలో దిగి ఉంది. ప్రభుత్వ న్యాయవాది చట్టం పుస్తకాన్ని తలమీద పెట్టుకుని నడుము దాకా వంగి ఉన్నాడు. తలుపు దగ్గరి డఫేదారు, పటాలంలో పనిచేసి వచ్చినవాడు, గోడకు అంటుకుపోయాడు. హమీద్ సాహెబ్ కళ్లజోడు కోసం నేలమీద వెతుకుతున్నాడు. డాక్టరుగారు సాక్షి బోను కమ్మీని రెండు పిడికిళ్లతోనూ పట్టుకుని ఉన్నారు. ముందుగా తేరుకున్నది ఆమే. కొంగు సర్దుకుని, "ఇప్పుడు జరిగింది ఆ వరసలోనే జరిగింది," అన్నారు.

హాల్లో నవ్వులు లేచాయి. నేను గద్దించకముందే అవి వాటంతట అవే ఆగిపోయాయి, ఎందుకంటే అందరి చూపూ ముద్దాయి బోను మీద పడింది. అందరం తేరుకున్నాం, నర్సింలు తేరుకోలేదు. కుడిచేతిని వీపు వెనక దాచుకుని, ఎడమచేత్తో దాని మణికట్టు పట్టుకుని నిలబడ్డాడు. నుదుటి నుంచి చెమట గడ్డం దాకా కారుతోంది. బోనుకు నాలుగడుగుల దూరంలో ఉన్న బసప్ప తన కుడిచెవిని అరచేత్తో కప్పుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏం నర్సింలూ, గట్ల వణుకుతున్నవేంది?" అన్నాడు బసప్ప.

"ఆ దినం సంది గిట్లనే అయితుంది పటేలా. కత్తి వట్టుకుంటె గుండె దడదడ కొట్టుకుంటది. నీ చెవి కండ్లల్ల మెదులుతది. గిరాకీ వస్తె కత్తెర పని ఉంటెనే చేస్తున్న, గడ్డం అంటె ఇంకో దుకానం సూపెడుతున్న."

"మరి ఆ దినం ఒక్క మాట అనకపోతివి."

"నోరు గూడ నాది కాదు పటేలా ఆ ఘడియల. ఎవరిని తిట్టిన్నో, ఏం తిట్టిన్నో నాకు యాది లేదు. పోలీసోళ్లు చెప్తె తెలిసింది."

విచారణ మధ్యలో ఫిర్యాదీ ముద్దాయీ తమలో తాము మాట్లాడుకోవడం కుదరదు. నేను వెంటనే ఆపవలసింది. పాళీకి చిక్కుకున్న కాగితపు పీచు తీసి, కలం తుడుచుకోవడానికి కొంతసేపు పట్టింది. ఆ తరువాత ఆపాను.

బసప్ప లేచి తనకు రాజీ సమ్మతమేనన్నాడు. నర్సింలు మాత్రం తల అడ్డంగా ఊపాడు. తనకు తీర్పే కావాలన్నాడు. హమీద్ సాహెబ్ కళ్లజోడు పెట్టుకుని, కోర్టువారి కలం చేసిన పని కూడా రికార్డులోకి ఎక్కాలని కోరాడు. ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం చెప్పాడు, ఆ అభ్యంతరం సరైనదే. న్యాయమూర్తి తన అనుభవాన్ని సాక్ష్యంగా వాడుకోకూడదు. వాడుకుంటే ఆయన సాక్షి అవుతాడు, సాక్షి తీర్పు చెప్పలేడు. అభ్యంతరాన్ని ఆమోదించి, గీత పక్కన పొడి సంతకం చేశాను.

కానీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. సొరకాయ రోజున అందరికీ దూరం నుంచే వినిపించిన విమానం ఈ రోజు ఒక్కరికైనా ఎందుకు వినిపించలేదు? సమాధానం కిటికీ బయటే ఉంది. విమానం పోయినా రోలరు మోత ఆగలేదు. పొద్దున్నుంచీ దాన్ని వింటూ వింటూ నేను వినడం మానేశాను. ఆ మోతలో విమానం రాక కలిసిపోయింది. అప్పుడు నర్సింలు దుకాణం గుర్తుకు తెచ్చుకున్నాను. దానికి ఆనుకుని ఒక పిండి గిర్ని ఉంది. మేము వెళ్లిన రోజు దాని తలుపులు మూసి ఉన్నాయి. ఆ గిర్ని సంగతి సాక్షులు చెప్పలేదు, వకీలు అడగలేదు, ముద్దాయి కూడా ఎత్తలేదు.

న్యాయం కోసం అవసరమనుకుంటే కోర్టు తనంతట తాను సాక్షిని పిలిపించవచ్చు. గిర్ని యజమాని ఇస్మాయిల్‌కు సమను పంపాను. తాను ఏం నేరం చేశాడో తెలియక, ఆయన ఇద్దరు జామీనుదారులను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లతో పని లేదని చెప్పి ప్రమాణం చేయించాను.

బసప్పకు గాయమైన రోజు గిర్ని నడిచిందా అని అడిగాను.

"సంతరోజు నడవకుంటెట్ల సాబ్? పొద్దుగాల ఇంజన్ చాలూ చేస్తే పొద్దుగూకె దాంక ఆగది."

మేము వచ్చిన రోజు ఎందుకు మూసి ఉంది?

"మీరొస్తున్నరని బంద్ చేసిన సాబ్. మేజిస్ట్రేట్ సాబ్ వచ్చి నిలవడితే పక్కన ధడ్‌ధడ్ అని ఇంజన్ నడిపిస్తనా? ఇజ్జత్ ఉండొద్దా? పోలీసోళ్లు చెప్పలే, నా అంతట నేనే బంద్ చేసిన." ఈ మర్యాదకు మెప్పు దక్కుతుందేమోనని ఒక క్షణం ఆగాడు.

గిర్ని నడుస్తున్నప్పుడు విమానం రావడం వినబడుతుందా అని ప్రభుత్వ న్యాయవాది అడిగాడు.

"పక్కన నిలవడి నా పెండ్లాం పిలిస్తెనే ఇనబడది సాబ్. ఇమానం నెత్తి మీదికొచ్చినంకనే ఎరుక."

గిర్ని సంగతి ఎందుకు చెప్పలేదని తరువాత నర్సింలును అడిగాను. అతను నిజంగానే తెల్లబోయాడు. "అది ఎప్పటికీ ఉండేదే గద దొరా," అన్నాడు. అతనికి అది చప్పుడు కాదు. బల్ల మీద కూర్చున్న సాక్షులకూ అంతే.

తీర్పులో సొరకాయ పరిశీలనను పక్కన పెట్టాను. అది జరిగిన పరిస్థితి వేరు, గాయం జరిగిన పరిస్థితి వేరు. విమానం రాక ముందుగా వినబడే వీలు లేదనీ, ఆ ఉలికిపాటు మనిషి అదుపులో ఉండేది కాదనీ ఇస్మాయిల్, సుగుణమ్మగార్ల సాక్ష్యాల ఆధారంగా రాసి, ఎనభయ్యో సెక్షన్ కింద నర్సింలును విడుదల చేశాను. తమ్మె తలలో భాగమా కాదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అవసరం రాలేదు. తీర్పు ఇంగ్లీషులో చదివి తెలుగులో వివరించాను.

"అంటె నాది తప్పు లేదంటరా?" అన్నాడు నర్సింలు.

కోర్టుకు తప్పు కనబడలేదని చెప్పాను.

అతను తన కుడిచేతిని చూసుకున్నాడు. "మరి దీనికెట్ల చెప్పాలె దొరా?"

దానికి నా దగ్గర సెక్షన్ లేదు. దవాఖానకు వెళ్లమన్నాను. డాక్టరుగారు అతనికి ఏ మందూ ఇవ్వలేదట. గిర్ని పక్కనుంచి దుకాణం మార్చమని, కత్తి వెంటనే పట్టకుండా మెల్లమెల్లగా మొదలుపెట్టమని చెప్పారట. అతను స్టేషను రోడ్డులో, చుట్టూ ఖాళీ జాగా ఉన్న చోట కొట్టు పెట్టాడు. కుర్చీని వసారాలోకి జరిపాడు. మోత వినబడితే కత్తి ఎత్తి నిలబడేవాడు, గిరాకీ కూడా మొహాన సబ్బుతో ఆకాశం చూస్తూ కూర్చునేవాడు. మునుపటిలా గడ్డాలు గీయడానికి మరుసటి వానాకాలం దాకా పట్టింది. బసప్ప మళ్లీ అతని కుర్చీలో కూర్చోలేదు. ఒకసారి బస్టాండులో ఎదురైనప్పుడు అడిగాను. మనసులో ఏమీ లేదనీ, కానీ కత్తి చెవి దగ్గరికి వస్తే మెడ దానంతట అదే బిగుసుకుపోతోందనీ చెప్పాడు. కొడుకులను మాత్రం నర్సింలు దగ్గరికే పంపేవాడు.

మరుసటి ఏడు జిల్లా జడ్జిగారు తనిఖీకి వచ్చినప్పుడు ఆ వాంగ్మూలం మీది గీతకు సంజాయిషీ అడిగారు. విమానం అని రాసి ఇచ్చాను. మళ్లీ అడగలేదు.

ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగంలో ఉన్నాను. లారీల కేసులు, మిల్లు యంత్రాల్లో చేతులు పోయిన కేసులు, కరెంటు తీగల కేసులు చాలా విచారించాను. స్థలం చూడటానికి వెళ్లేది అక్కడ మామూలుగా ఏం ఉంటుందో తెలుసుకోవడానికి. కోర్టు వస్తోందని తెలియగానే ఆ మామూలును ఎవరో ఒకరు గౌరవం కొద్దీ తీసి పక్కన పెడతారు, అక్కడ అలవాటుపడిన వాళ్లకు అది లేదన్న సంగతి గుర్తు కూడా రాదు. అందువల్ల ఎక్కడికి వెళ్లినా, కొలతలు తీయించక ముందు, సాక్షులను నిలబెట్టి చూడక ముందు, నేను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. మేము వస్తున్నామని ఇక్కడ ఏం ఆపేశారు?